ఫ్యూజు ఎవరి జేబులో

మోటారు బాగుచేయడానికి బావిలోకి దిగేవాడు ముందు స్తంభం దగ్గరి పెట్టె తెరిచి, మూడు పింగాణీ ఫ్యూజులూ ఊడదీసి, తన జేబులోనే వేసుకుంటాడు. పక్కన తోడబుట్టినవాడున్నా వాడి చేతికివ్వడు. గట్టు మండలంలో మా అక్కవాళ్ల ఊళ్లో ఇది అందరూ పాటించే కట్టుబాటు. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు వచ్చిన కొత్తలో రైతులు ఎంతో సంతోషించారు, వేళగాని వేళ చేనికి పరుగెత్తే బాధ తప్పిందని. ఆ తర్వాత ఒక వానాకాలం, కరెంటు లేదు కదా అని ఒక మనిషి బావిలోకి దిగాడు. నీళ్లలో నిలబడి మోటారు మీద చెయ్యి వేసి ఉండగా కరెంటు వచ్చింది. పెట్టె తన పని తాను చేసింది. పైన అతని అన్న ఉన్నాడు. కరెంటు వస్తే ఆపడానికే అక్కడ నిలబడ్డాడు. ఆపేలోపు అయిపోయింది. అప్పటినుంచి ఆ ఊళ్లో ఎవరి ప్రాణానికి వాళ్లే ఫ్యూజులు దగ్గర పెట్టుకుంటారు.

ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే గద్వాలలో నాది మోటార్లకు తీగ చుట్టే దుకాణం. కాలిన మోటార్లు నా దగ్గరికే వస్తాయి. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయాల్లో చదువుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. పొద్దున దుకాణం తెరిచే ముందు గద్వాల గ్రంథాలయంలో పేపర్లు, పత్రికలు. రాగి తీగ కోసం వనపర్తి వెళ్తే అక్కడి గ్రంథాలయం, పాత మోటార్లు కొనడానికి నాగర్‌కర్నూలు వెళ్తే అక్కడిది. ఏ ఊళ్లో ఏ కిటికీ దగ్గర వెలుతురు బాగా పడుతుందో, ఏ ఫ్యాను కింద కూర్చుంటే పేజీలు ఎగురుతాయో చెప్పగలను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం కూడా అట్లాగే నేర్చుకున్నాను. మా బావ నన్ను "పుస్తకాల బామ్మర్ది" అని పిలుస్తాడు. అందులో ఎగతాళి ఎంతో, మెచ్చుకోలు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బావ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. యుద్ధం చూడలేదు. ఆయన కొలువంతా కాపలాయే. ఉత్తరాదిన ఎక్కడో మందుగుండు దాచే ఒక పెద్ద స్థావరం, దాని చుట్టూ ముళ్లకంచె, కంచె పొడుగునా పోస్టులు. "నాకు జీతమిచ్చింది నిలబడ్డందుకే" అంటాడు. పింఛను తీసుకుని ఊరికి వచ్చి ఆముదాలు, కందులు, నీళ్లుంటే వేరుశనగ వేసుకుంటున్నాడు. చలిలో ఏళ్ల తరబడి నిలబడినందుకు ఆయన మోకాళ్లు ముందే ముసలివయ్యాయి. అక్కకూ బావకూ ఒక్కతే కూతురు. చిన్నప్పుడు సాయంత్రం పూట ఆ మోకాళ్లకు ఆముదం కాచి రుద్దే పని దానిదే. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివింది, ఆ పైన హైదరాబాదులో ఇంజనీరింగు పూర్తిచేసి అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది.

కంపెనీలో ఏం చేస్తారో ముందు నాకే చెప్పింది. సెలవుకు వస్తూ గద్వాలలో బస్సు దిగి, ఊరి బస్సుకు ఇంకా సమయం ఉందని నా దుకాణంలో కూర్చుంది.

"మామా, నీకు చెప్త గని నాయినకు నేనే చెప్పుకుంట. నువ్వు ముందుగాల నోరు జారకు."

"నేనెప్పుడు నోరు జారిన?"

"గ్రంథాలయంల ఏది చదివినా సాయంత్రానికి గట్టుదాక తెలుస్తది మామా."

నేను నవ్వాను. అది చెప్పింది. సైనిక స్థావరాల కంచె దగ్గర మనిషికి బదులు నిలబడే ఒక యంత్రం తయారుచేస్తున్నారు. దానికి మామూలు కెమెరా ఉంటుంది, వేడిని బట్టి చూసే మరో కెమెరా ఉంటుంది. వచ్చేది మనిషో పశువో, చేతిలో కట్టె ఉందో తుపాకి ఉందో గుర్తుపట్టాలి. దాని తల మీదే తుపాకి బిగించి ఉంటుంది.

"కాల్చెటిది ఎవలు?" అని అడిగాను.

"మనిషే. లోపల రూముల తెర ముంగట ఒకడు కూసుంటడు. వాడు సరే అంటేనే కాల్తది. లేకుంటే ఊరకనే చూస్తది."

ఇలాంటి వాటి గురించి నేను అప్పటికే ఒక పత్రికలో చదివి ఉన్నాను. నాకు తెలిసిన విషయం నా మేనకోడలు చేతుల్లో తయారవుతోందంటే ఒళ్లు పొంగిపోయింది. దానికి టీ తెప్పించి, వచ్చిన గిరాకీని కాసేపు ఆగమని, చదివిందంతా చెప్పాను. అది ఓపికగా విని రెండు చోట్ల తప్పు దిద్దింది.

ఆ ఆదివారం ఊళ్లో భోజనాల దగ్గర వాళ్ల నాన్నకు చెప్పింది. బావ కాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"అంటే నా కొల్వు మిషన్‌కు ఇస్తున్నవన్నట్టు" అన్నాడు.

"నీ మోకాళ్లు చూసే ఇస్తున్న నాయినా. ఇంకొకని మోకాళ్లన్న బాగుండనీ."

బావకు ఆ మాట నచ్చింది. మొహంలో తెలిసింది. నచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు, పోస్టు మీది కథ ఎత్తుకున్నాడు. మేమంతా విన్నదే. చలికాలం, పొద్దు పొడిచే వేళ, చెయ్యి చాస్తే వేళ్లు కనపడని మంచు. కంచె అవతల ఏదో కదిలింది. సైన్యంలో కాపలావాడు ఆగు, వచ్చేదెవరు అని అడగాలి: "థమ్, కౌన్ ఆతా హై?" బావ అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. ఆ ఆకారం ఆగలేదు. దానికి తల లేదు. భుజాల నుంచి పైకి మొన తేలి ఉంది, అంతే. అడిగి, జవాబు రాకపోతే కాల్చమనే ఆజ్ఞ. వేలు తుపాకి మీదే ఉంది.

"అప్పుడు యాదికొచ్చింది మా తాత. వానల గొంగడిని తలమీదికెల్లి కొప్పెర ఏసుకోని చేను మీద నుంచి వస్తుంటే గట్లనే, తలకాయ లేనట్టు కనబడెటోడు. ఇదేదో మనోడే అనుకున్న. యాడి మనోడు, వెయ్యి కోసుల దూరంల. అయినా ఆగిన. దగ్గరికొచ్చినంక జూస్తే ఆ దిక్కు గొర్లకాపరి, ముసలోడు. తప్పిపోయిన గొర్రెపిల్లను లెంకుకుంట వచ్చిండు. చెవుడు. నేనడిగింది ఇననే లేదు."

ఆజ్ఞ ప్రకారం కాల్చనందుకు బావకు శిక్ష పడింది. వీపున బరువు మోస్తూ మైదానం చుట్టూ పరుగెత్తించారు. ఆ సంగతి మాత్రం నవ్వుతూ చెప్తాడు.

"ఎన్నిమార్లు జెప్పినా ఇదే కథ" అంది అక్క. "చెప్పినకొద్ది ఆ గొర్రెపిల్ల పెద్దగైతుంది. ఈసారి పొట్టేలు అయితదేమో."

అందరం నవ్వాం. అమ్మాయి నవ్వలేదు.

"మా మిషన్‌కు గొంగడి తెల్వదు నాయినా" అంది. "దానికి చూపించిన బొమ్మలన్ని పాంట్లు షర్ట్లు ఏసుకున్నోళ్లవే. నీ గొర్లకాపరి వచ్చిండనుకో, అది ఏమంటదో నాకే తెల్వదు."

"మరి నేర్పియ్యరాదు" అన్నాడు బావ. ఏదో మోటారు బేరింగు మార్చమన్నంత తేలికగా అన్నాడు.

నేర్పించాలనే నిర్ణయం ఆ పళ్లెం ముందు అట్లా జరిగింది. నేర్పించాల్సింది ఎవరు ఎట్లా నడుస్తారో, ఏం కప్పుకుంటారో, బరువు ఎట్లా మోస్తారో. మెట్ట భూముల్లో బతికేవాళ్లు ఎన్ని రకాలుగా వంగుతారో కంపెనీ వాళ్లకు తెలియదు. మాకు తెలుసు. కంపెనీని అమ్మాయి ఒప్పించింది, జనాన్ని పోగుచేసే పని నాకు పడింది. ఊళ్లో ఏ మోటారు కాలినా చూసేవాణ్ని, ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేవాణ్ని, అందుకని నేను పిలిస్తే వచ్చారు. ఒక రోజు కూలి, కడుపునిండా తిండి అన్నారు కంపెనీ వాళ్లు.

బావ బీడులో ఒక కంచె నాటి, దాని వెనక మూడుకాళ్ల పీట మీద కెమెరాలు నిలబెట్టారు. కెమెరాలతో ఇద్దరు పిల్లకాయ ఇంజనీర్లు వచ్చారు, వాళ్లకు తోడుగా మా అమ్మాయి. వేడి కెమెరాకు తెల్లవారగట్ల చల్లదనం మంచిదట, అందుకని పొద్దు పొడవకముందే జనం చేరారు. చేరినవాళ్లు ఊరికే ఉండరు కదా.

"నడుచుడు గూడ పనేనా అక్కా?" అంది గడ్డిమోపుతో వచ్చిన ఒకామె. "గట్లయితే నా మొగడు రోజంత చేసే పని అదే. ఆయనకు ఇంతదాక ఒక్కరు కూలియ్యలే."

"వానిది నడుచుడు కాదు, తిరుగుడు" అని వెనకనుంచి ఇంకొకామె.

గడ్డిమోపు ఎత్తుకుని నడిచారు. కొడవలి చేతిలో పట్టుకుని నడిచారు, ఎందుకంటే కొడవలి తుపాకి కాదని దానికి తెలియాలి. పార భుజాన వేసుకుని నడిచారు. కలుపు తీస్తున్నట్టు వంగి, కుంటుతూ, పాకుతూ కూడా వచ్చారు. పాకమన్నప్పుడు ఆడవాళ్లు ఒప్పుకోలేదు. అమ్మాయి తానే చున్నీ నడుముకు చుట్టి మట్టిలో పాకి చూపించింది. అక్క అది చూసి, "ఇంజనీరు సదివింది ఇందుకేనా బిడ్డా" అంటే కంపెనీ పిల్లలు కూడా నవ్వారు.

చివరికి గొర్రెలకాపరి తాత వచ్చాడు. రాయచూరు వైపు నుంచి ఏనాడో వచ్చి స్థిరపడినవాడు, సగం కన్నడం, సగం తెలుగు. వాన లేకపోయినా నల్ల గొంగడి మడిచి కొప్పెర వేసుకుని, గొర్రెలను ముందుకు తోలుకుంటూ కంచె వైపు నడిచాడు. నేను తెర వైపు చూశాను. కొత్తగా ఉన్ని కత్తిరించిన గొర్రెలు నిప్పుకణాల్లా వెలుగుతున్నాయి. వాటి వెనక తాత ఉన్నచోట బూడిదరంగు మూట ఒకటి కదులుతోంది. పాదాలు, చేతికర్ర పట్టుకున్న వేళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మందపాటి ఉన్ని ఒంటి వేడిని బయటికి రానివ్వలేదు. గొర్రెల మీద యంత్రం పశువు అని రాసింది. తాత మీద ఏమీ రాయలేదు. కాసేపటికి అది కూడా పశువే అంది.

"ఏమంటుంది నన్ను?" అని అడిగాడు తాత.

బావ చెప్పాడు. "పశువంటుంది తాతా."

"హౌదా, అట్లనా" అన్నాడు తాత. "నా కోడలు గూడ గదే అంటది. దానికి ఏమన్న తప్పు పట్టినమా?"

ఆయన చేత మళ్లీ మళ్లీ నడిపించారు. ఎండెక్కేదాకా నడిచాడు. గొంగడి తీసి భుజాన వేసుకుని, మళ్లీ కప్పుకుని, గొర్రెలతో, గొర్రెలు లేకుండా. విసుక్కోలేదు. పోతూ పోతూ కెమెరా అద్దంలోకి వంగి చూసి, "జర యాది పెట్టుకో" అని దానికే చెప్పి పోయాడు.

మధ్యాహ్నం అందరికీ చేతులు కడగడానికి నీళ్లు కావాలంటే మోటారు మూలిగి ఆగింది. నేనున్నాను కదా, దిగాను. ముందు పెట్టె తెరిచి ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాను. మెట్టు మెట్టుకూ అవి జేబులో గలగలమంటుంటే బావ పైనుంచి చూస్తూ కూతుర్ని అడిగాడు.

"మీ తుపాకి పీజులు ఎవల జేబుల ఉంటయి బిడ్డా?"

కంపెనీ పిల్లలకు అర్థం కాలేదు. అమ్మాయికి అయింది.

"లోపల కూసున్నోని జేబుల నాయినా."

"వాడు సరే అనకుంటే?"

"కాల్వదు."

"వాడు చాయ్ తాగనీకి పోతే?"

"వాడు వచ్చేదాక కాల్వదు."

"మాటనేనా?"

"మాట" అంది.

బావిలోపలికి మాటలు బాగా వినిపిస్తాయి. ఆ మాట వెనకాల బావ చెప్పింది మేము అంతకుముందు ఎన్నడూ విననిది. ఆయన స్నేహితుడు ఒకడు, బిహారు వైపు వాడు, ఇంకో స్థావరంలో పోస్టు మీద ఉండగా చీకట్లో ఎవరో వస్తే ఆపి అడిగాడట. వాళ్ల జవాబు తుపాకి గుండు.

"అడిగే సచ్చిండు వాడు" అన్నాడు బావ. "అడగకుండ కొడ్తే బతికెటోడు. గది నాకు తెల్వదనుకోకు. మీ మిషన్ ఉండి ఉంటే వాడు ఇయ్యాల పిల్లలతోని ఉండెటోడు. అయినా గని..."

ఆ వాక్యం ఆయన పూర్తిచేయలేదు. నేను కింద మోటారు విప్పడం మొదలుపెట్టాను.

కొన్ని నెలలకు అమ్మాయి ఫోను చేసింది. గొంతులో ఎంత సంబరమో. యంత్రం గొంగడిని గుర్తుపడుతోందట. కొప్పెర వేసుకున్నా, వానలో తడిసినా, గొర్రెల మధ్యలో ఉన్నా, మనిషి మనిషే అంటోందట. కొడవలిని తుపాకి అనుకోవడం లేదు. గడ్డిమోపును చూసి బెదరడం లేదు. పరీక్ష చూడటానికి వచ్చిన సైన్యం పెద్దవాళ్లు ఆశ్చర్యపోయారట. "తాతకు చెప్పు మామా" అంది. నేను చెప్పలేదు, గ్రంథాలయంలో నలుగురికి చెప్పాను ముందు. మా బీడులో నేర్చుకున్న చదువు అది. సంతకాల పుస్తకం దగ్గర కూర్చునే ఆయన కూడా లేచి వచ్చి విన్నాడు.

ఆ తర్వాతి ఫోను వేరే రకంగా ఉంది.

"ఇంత మంచిగ గుర్తుపడ్తుంటే నడుమ మనిషి ఎందుకంటున్నరు మామా."

పెద్దవాళ్లు కొత్తగా అడిగిందేమిటంటే, యంత్రం తానే చూసి తానే కాలుస్తుంది. లోపల కూర్చున్నవాడు వద్దనుకుంటే ఆపవచ్చు. ఆపడానికి కొంచెం సమయం ఇస్తారు. ఆ సమయం ఎంత అని అడిగాను. "ఊపిరి తీసి వదిలేంత" అంది. అది కూడా ఒక్కొక్కరి ముందు చాలా తెరలు పెడతారట. ఎగిరివచ్చే డ్రోన్లు, పరుగెత్తుకొచ్చే బండ్లు మనిషి సరే అనేదాకా ఆగవు కదా అన్నారట. అందులో అబద్ధం లేదు. బిహారు స్నేహితుడి సంగతి నాకూ గుర్తుంది.

ఆ రోజుల్లో నేను మూడు ఊళ్ల గ్రంథాలయాల్లో దొరికిందల్లా చదివాను. నాగర్‌కర్నూలులో ఒక పాత పత్రికల కట్ట విప్పి నేల మీద కూర్చుని చదివాను. దేశాలు దీని మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాయనీ, ఇంకా ఏమీ తేల్చుకోలేదనీ తెలిసింది. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి. నాకు మాత్రం అది స్టార్టరు పెట్టెలాగే అర్థమైంది. మనిషి వెళ్లి మీట నొక్కితే తిరిగే మోటారు ఒకటి. దానంతటదే తిరిగి, పక్కన నిలబడ్డవాడు పరుగెత్తి ఆపాల్సిన మోటారు ఇంకొకటి. అమ్మాయి మాట ఇచ్చింది మొదటిదానికి. ఇప్పుడు తయారవుతున్నది రెండోది, ఆ అన్న గట్టు మీద నిలబడి ఉండగానే తమ్ముణ్ని తీసుకుపోయినటువంటిది.

అడగకుండా చంపే యంత్రం మాకు కొత్త కూడా కాదు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నుంచి నా దుకాణానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి, అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టాలి, ఎంత తీగ పడుతుందని అడుగుతారు. ఇవ్వనని పంపేస్తాను. పంట మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు, చెడ్డవాళ్లు కాదు. కాని తీగకు పందేదో, ఎద్దును వెతుక్కుంటూ వచ్చిన పక్క రైతేదో తెలియదు. అమ్మాయితో ఈ మాట అంటే, "మాది గుర్తుపడ్తది గద మామా" అంది. గుర్తుపట్టడం నేర్పింది మేమే. ఆ నేర్పడం వల్లే మధ్యలో మనిషి అక్కరలేకుండా పోతున్నాడు. నేర్పకపోతే గొంగడి కప్పుకున్న ముసలివాడు పశువుగానో ఇంకేదో గానో మిగిలేవాడు. నేర్పితే ఇట్లా అయింది. ఏ దారిన వెళ్లి ఉంటే బాగుండేదో ఎంత చదివినా నాకు తెలియలేదు.

వాళ్ల నాన్నకు చెప్పొద్దంది. ఆయనే అడిగాడు. ప్రతి వారం ఫోనులో, వానల గురించి, ఆముదాల గురించి మాట్లాడాక, చివర్లో "పీజులు జేబులనే ఉన్నయా?" అని అడిగేవాడు. ఒక వారం ఉన్నాయని అబద్ధమాడలేక దానికి జరిగిందంతా చెప్పాల్సి వచ్చింది.

"ఇడిసిపెట్టి వస్తా నాయినా" అంది. ఫోను స్పీకరులో ఉంది, నేను ఆ పక్కనే ఉన్నాను.

బావ చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "రాకు" అన్నాడు. "ఉండు. నువ్వుంటే కౌన్ ఆతా హై అని అడిగెటోళ్లు ఒక్కరన్న ఉంటరు ఆడ."

ఉంది. సమావేశం వచ్చినప్పుడల్లా అడిగింది. మనిషి సరే అనాల్సిందేనని, ఆపే అవకాశం సరిపోదని రాసి ఇచ్చింది. కంపెనీవాళ్లు కోప్పడలేదట. మర్యాదగా విన్నారు, మంచి మాట చెప్పావన్నారు, తర్వాత చూద్దామన్నారు. ఈ చలికాలం మొదట్లో అమ్మాయిని ఆ పని నుంచి తీసి పంటలకు మందు కొట్టే డ్రోన్ల వైపు వేశారు. జీతం తగ్గించలేదు. గది కూడా పెద్దదే ఇచ్చారు. యంత్రం ఎక్కడికి పోయిందో, ఏ స్థావరం కంచె దగ్గర నిలబడిందో, లోపల ఎవరైనా కూర్చున్నారో లేదో ఇప్పుడు దానికి ఎవరూ చెప్పరు. చెప్పకూడదు కూడా.

గొర్రెలకాపరి తాత గద్వాల సంతలో కనిపించాడు. నన్ను దూరం నుంచే చూసి చేతికర్ర ఎత్తాడు.

"పుస్తకాల సారూ, నా బొమ్మ సర్కారోళ్ల కాడికి పోయిందా?"

"పోయింది తాతా."

"ఇప్పుడు గూడ పశువే అంటుందా?"

"లేదు. మనిషే అంటుంది."

"హౌదా" అన్నాడు. ఆయన మొహంలో కనిపించిన తృప్తి నేను చూడలేక గొర్రెల వైపు చూశాను. "గంతే సాలు. ఇంగ ఏం భయం" అని గొర్రెపిల్ల ధర మాట్లాడుకోవడానికి వెళ్లిపోయాడు. మనిషి అని గుర్తుపట్టడం వేరు, మనిషి కదా అని ఆగడం వేరు అని ఆ సంతలో ఆయనకు ఎట్లా చెప్పను?

పోయిన నెల అమ్మాయి ఊరికి వచ్చింది. వాళ్ల నాన్న ఏమీ అడగలేదు. అది నిజం చెప్పిన ఆ వారం నుంచే ఫోనులో ఫ్యూజుల మాట కూడా మానేశాడు. అది వచ్చిన మర్నాడు బావిలో మోటారు మళ్లీ మొరాయించింది, నన్ను పిలిచారు. ఈసారి మోటారును రాతి అరుగు మీది నుంచి లేపి పక్కకు జరపాలి, ఒక్కడి వల్ల కాదు. బావ తానూ దిగుతానన్నాడు. మోకాళ్ల సంగతి అక్క గుర్తుచేస్తే, "దిగనీకి మోకాళ్లెందుకు, ఎక్కనీకి కావాలె" అన్నాడు.

పెట్టె తెరిచి ఫ్యూజులు ఆయనే తీశాడు. చెయ్యి అలవాటుగా జేబు దాకా పోయింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి మూడింటినీ కూతురు చేతుల్లో పెట్టాడు.

"ఏందిది?" అంది అక్క. "ఎన్నడు లేంది. జేబుల ఏసుకో."

"ఉండనీ ఆమె కాడ" అన్నాడు బావ, మెట్ల వైపు నడుస్తూ.

ఆ ఊళ్లో ఆ పని నేను అంతకుముందు చూడలేదు. అబద్ధమెందుకు, మోటారు పట్టుకున్నప్పుడు నా మెడ ఊరికే పైకి తిరిగింది. బావి అంచున ఆకాశానికి ఎదురుగా మా అమ్మాయి నిలబడి ఉంది, రెండు చేతులూ గుండెకు ఆనించుకుని. పెట్టె పక్కన పెట్టిన సంచిలో దాని ఫోను మోగింది. మోగి ఆగి మళ్లీ మోగింది. అమ్మాయి ఇటు అటు కదల్లేదు. బావ ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

పని అయ్యాక ఎక్కడానికి చాలాసేపు పట్టింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, మెట్టు మెట్టుకూ ఆగి వచ్చాడు. అమ్మాయి చేతులు చాపింది. పింగాణీ అంచులు నొక్కుకుని అరచేతుల్లో ఎర్రగా గీతలు పడ్డాయి.

"మాట నిలబెట్టలేకపోయిన నాయినా" అంది.

"నీ చేతుల ఉన్నంతసేపు నిలబెట్టినవ్" అన్నాడు. ఓదార్పుగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. ఫ్యూజులు తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి బిగించాడు.

మోటారు తిరిగింది. నీళ్లు వేరుశనగ సాళ్ల వైపు పారాయి. మేం గట్టు మీద కూర్చున్నాం, అక్క తెచ్చి ఇచ్చి వెళ్లిన చాయ్ చల్లారుతోంది. కాసేపటికి కరెంటు పోయింది. మోటారు ఆగి, పైపులో నీళ్లు వెనక్కి జారిన చప్పుడు వినిపించింది. కరెంటు వస్తే అది దానంతటదే తిరుగుతుందని మాకు తెలుసు. బావిలో ఎవరూ లేరని కూడా తెలుసు. అయినా చాయ్ పట్టుకుని ముగ్గురం ఆ పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాం.